పంతులుగారి నాటి నీతి

పూర్వులు నీతిమంతులనీ, దేశంలో నీతి నానాటికీ దిగజారుతున్నదనీ మన పెద్దలు తరచూ చింతిస్తుంటారు. ఆ పూర్వకాలం ఎట్టిదో తెలియాలంటే కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితాన్ని పరిశీలించాలి.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి, పెద్దయ్యాక ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించారు. ఆ ఏడే ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు.

ఆనాడు న్యాయస్థానాలలో లంచం రివాజుగా సాగేది. కలవారింట పెండ్లికి భోగం మేళం లేకుంటే వెలితిగా ఎంచేవారు. కాటికి కాళ్ళు చాపిన వృద్ధుడు శుల్కమిచ్చి పసిపిల్లను పెండ్లాడినా ఆక్షేపణ లేదు. అతడు కన్నుమూసిన నాటినుండి పాపమంతా ఆ పిల్లదే! 1860 నాటి శిక్షాస్మృతి దాంపత్యానికి భార్య వయసు పదేళ్ళుంటే చాలన్నది. 1891లో దానిని పన్నెండుకు పెంచితే, ధర్మం నశించిందని గగ్గోలు పెట్టినవారిలో విద్యావంతులూ ఉన్నారు. పంతులుగారు తమ పత్రికలోనూ ప్రహసనాలలోనూ ఈ దురాచారాలను ఎండగట్టారు.

వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చినా, ఆంధ్రదేశంలో పాతికేళ్ళపాటు అది కాగితం మీదనే ఉండిపోయింది. 1881 డిసెంబరు 11 రాత్రి పంతులుగారు తమ ఇంట గౌరమ్మ అనే బాలవితంతువును గోగులపాటి శ్రీరాములుగారికిచ్చి వివాహం జరిపించారు. విద్యార్థులు కాపలా నిలిచారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. పిమ్మట వెలి తప్పలేదు. వంటవారు రాలేదు, నీళ్ళు మోసేవారు మానుకున్నారు. సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నీరు బిందెలతో తెచ్చి అందరికీ వండి వడ్డించారు. పంతులుగారి కీర్తిలో సగం ఆమెదే అనడం అతిశయోక్తి కాదు. లంచగొండికి లేని వెలి ఈ దంపతులకు ఎదురైంది. నీతి చెడిందని ఆనాటి పెద్దలు వాపోయింది కూడా ఈ పెండ్లిని చూసియే!

అట్లని అన్నిటా మేలే జరిగిందనలేము. పంతులుగారు పరిహసించిన కన్యాశుల్కం అంతరించినా, దాని స్థానాన్ని వరకట్నం ఆక్రమించింది. ధర అటునుండి ఇటు మారిందంతే. 1961లో నిషేధ చట్టం వచ్చినా ఆ బేరాలు ఆగలేదు. లంచం సంగతి పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. కాని వితంతువు పునర్వివాహం చేసుకుంటే నేడు ఆ ఇంటికి నీరు ఆగదు.

1906లో హితకారిణి సమాజాన్ని స్థాపించి పంతులుగారు తమ ఆస్తిని దానికి ధారపోశారు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించారు. తొమ్మిదేళ్ళకు, 1919 మే 27న, పంతులుగారు చెన్నపట్నంలో కన్నుమూశారు.