స్టాప్‌వాచి పట్టుకున్న దర్శకుడు

స్వర్ణోత్సవ సంచికకు నచ్చిన మహనీయుడి గురించి రాయమంటే, ఇంజనీరును కాబట్టి నేను విశ్వేశ్వరయ్య గారి గురించి రాస్తానని మా బ్యాచి వాళ్లు అనుకున్నారు. కొలత తెలిసిన మనిషి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం సినిమా దర్శకుడు కె.వి.రెడ్డి గారు.

కదిరి వెంకటరెడ్డి గారు 1912లో అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. వాహినీ సంస్థలో క్యాషియరుగా చేరి, ‘భక్త పోతన’తో దర్శకుడయ్యారు. తర్వాత ‘పాతాళ భైరవి’, ‘పెద్దమనుషులు’. అన్నపూర్ణ వారు తమ తొలి చిత్రం ‘దొంగరాముడు’కు ఆయన కోసమే ఏళ్ల తరబడి ఆగారు.

షూటింగుకు ముందే ప్రతి సన్నివేశాన్నీ స్టాప్‌వాచితో కొలిచి, ఎన్ని అడుగుల ఫిల్ము పడుతుందో తేల్చేసేవారు. సెట్లో ఆ లెక్క దాటనిచ్చేవారు కాదు. ఇది ఫిల్ము ఆదా కోసమే అనుకుంటే పొరపాటని నా ఉద్దేశం. ఆయన కొలిచింది చూసేవాడి ఓపికను, ఆనందాన్ని.

1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. మన బడి వార్షికోత్సవాల్లో ఘటోత్కచుడి వేషం కోసం ఎంతమంది కొట్టుకునేవారో మీకు తెలుసు! ఆ వివాహ భోజనం ఘట్టంలో లడ్లు వాటంతటవే నోట్లోకి ఎగురుతాయి. అలాంటి ట్రిక్కుకు కెమెరా వెంట్రుకవాసి కదిలినా గుట్టు బయటపడుతుంది. ఆ కదలని చూపు వల్లే మనం కూడా విస్తరి ముందు కూర్చున్నట్టుంటుంది. ఇక వెన్నెల్లో పడవ పాట. మూడు జంటలు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. మార్కస్ బార్ట్‌లే కెమెరాతో సృష్టించిన వెన్నెల అది. ఎక్కడా తొందర లేదు. ప్రేమ కుర్రవాళ్ల సొత్తే కాదన్న సంగతి మాటల్లో కాక, ఆ నిదానంలోనే మనసుకెక్కుతుంది. పాండవుల ఇంటి పెళ్లి కథలో పాండవులే తెరమీద కనబడరు. ఆ లోటు చాలామందికి సినిమా అయ్యాక ఎవరో చెబితే గాని తెలియదు. అనవసరమైన భారాన్ని ఇంత శుభ్రంగా తీసేసిన డిజైను నేను నా వృత్తిలోనూ అరుదుగా చూశాను.

ఆ నిదానమే చివరి రోజుల్లో ఆయనకు ఎదురు తిరిగిందనుకుంటాను. 1968లో వచ్చిన ‘భాగ్యచక్రం’, ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ ఆడలేదు. ప్రేక్షకుల గడియారం అప్పటికే వేగం పెంచింది. ఆయన తన గడియారాన్ని మార్చుకోలేదు. మొండితనమని అనేవాళ్లను నేను తప్పుపట్టను. కానీ వేగం కోసం పరుగెత్తి ఉంటే అవి ఆయన సినిమాలయ్యేవి కావు. ఎన్.టి.రామారావు గారు పిలిచి ఇచ్చిన ‘శ్రీకృష్ణసత్య’ 1971లో వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో రెడ్డి గారు కన్నుమూశారు.

2010లో ‘మాయాబజార్’కు రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. పని బాగానే చేశారు, మా పిల్లలకు నచ్చింది. నేను మాత్రం ఆ పడవ పాట వరకు పాత ప్రింటే పెట్టుకుంటాను. నీలం రంగు పులిమాక అది రాత్రిలా ఉంది గాని, వెన్నెలలా లేదు.