ఆకులో అసలు ఏముంది?



వైరల్ ఫీవర్ల సీజన్ వస్తే చాలు, మన క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో తులసి, తిప్పతీగ, వేపాకు కషాయాల మెసేజ్‌లు మొదలవుతాయి. పిల్లలకు ఇవ్వొచ్చా అని మీలో కొందరు నన్నే అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. కానీ ఆకులో ఏముందో తేల్చడానికి జీవితమంతా పెట్టిన ఒకావిడ గురించి చెప్పగలను.

అసీమా ఛటర్జీ 1917లో కలకత్తాలో పుట్టారు. తండ్రి డాక్టర్. మొక్కల మీద ఆయనకున్న ఇష్టమే కూతురికీ వచ్చింది. 1944లో కలకత్తా యూనివర్సిటీ ఆమెకు డీఎస్సీ ఇచ్చింది (మా టీచర్లు రాసే డీఎస్సీ కాదండీ, డాక్టర్ ఆఫ్ సైన్స్!). మన దేశపు యూనివర్సిటీ నుంచి ఆ డిగ్రీ అందుకున్న తొలి మహిళ ఆమే. 1947లో చంటికూతురిని, ఆయాను వెంటబెట్టుకుని పరిశోధన కోసం అమెరికా వెళ్లారు. ఉద్యోగం చేసే తల్లులకు ఆ ప్రయాణం ఎలాంటిదో నేను చెప్పనక్కర్లేదు. తర్వాత జూరిక్‌లో పనిచేసి, 1950లో తిరిగొచ్చారు.

ఆమె పని ఏమిటంటే, మొక్క నుంచి సారం తీయడం, అందులో కలిసిపోయి ఉన్న రకరకాల పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీయడం, ఒక్కోదాని అణువు ఎలా అమరి ఉందో కనిపెట్టడం. ఒక్క మొక్కకే ఏళ్లు పట్టేది. ల్యాబ్‌లో డబ్బుకు, కెమికల్స్‌కు ఎప్పుడూ కటకటే. కొన్ని శాంపిల్స్‌ను పరీక్షలకు విదేశాలకు పంపాల్సి వచ్చేది. ఆమె వెతికింది వైరస్ మందుల కోసం కాదు, ముఖ్యంగా మలేరియా, మూర్ఛల కోసం. అయినా వైరస్‌ను ఆపే పదార్థాన్ని మొక్కల్లో వెతికేవాళ్లు ఇవాళ నడిచేదీ ఇదే దారి.

జటామాంసి నుంచి, బెంగాలీలు కూర వండుకునే సుష్ని ఆకు నుంచి మూర్ఛకు ఆయుష్-56 మందు తయారైంది. మలేరియా మందు కోసం ఆమె వాడిన మొక్కల్లో ఏడాకుల పాల ఒకటి. చలికాలం ముందు మన రోడ్ల పక్కన ఘాటుగా పూసి తలనొప్పి తెప్పించే చెట్టు అదే!

1961లో భట్నాగర్ ప్రైజ్, 1975లో పద్మభూషణ్, ఆపైన రాజ్యసభ సభ్యత్వం వచ్చాయి. 2006లో కన్నుమూశారు.

మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరులోని ఆల్కలాయిడ్లను కూడా ఆమె ఏళ్ల తరబడి పరిశోధించారు. దాన్నుంచి పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు వాడే మందు తీసింది వేరే దేశాల వాళ్లు. అదే మొక్క ఆకు నమిలితే విషం. కాబట్టి దాని కషాయం మెసేజ్ మీ ఫోన్‌కు వస్తే దయచేసి ఫార్వర్డ్ చేయకండి.