కాయకమే దాసోహమైన జీవితము
విశ్వదాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు

మహాశివరాత్రికి ఆత్మకూరు, నాగలూటి, పెచ్చెరువుల మీదుగా నల్లమల దాటి శ్రీశైలమునకు నడచిపోవు భక్తులను కర్నూలు సీమలోని వారెల్లరు ఎరుగుదురు. ఆ యాత్రామహిమను విపులముగా వర్ణించిన గ్రంథము పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రము. శరణుల కథలను తెలుగు ద్విపదలో మనకందించినది ఆ మహాకవి బసవ పురాణమే. ఈ రెండు గ్రంథములు సుపరిష్కృతములై అచ్చులో వెలువడుటకు ఒక వర్తకుని ధనము ఆధారమైనదన్న సంగతి నేటి తరమువారిలో చాలమందికి తెలియదు. తలనొప్పికి రాచుకొను పచ్చని లేపనమును అమ్మి ఆర్జించిన ధనమది. ఆ వర్తకుడే దేశోద్ధారక, విశ్వదాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

ధనార్జన పాపమని బసవేశ్వరుడు బోధింపలేదు. సత్యశుద్ధమైన కాయకమున ఆర్జింపుమనియు, ఆర్జించినదానిని తనదని దాచుకొనక దాసోహము చేయుమనియు బోధించెను. ఈ బోధను వల్లించుట సులభము. అంగడిలో కూర్చుండి, లాభనష్టముల నడుమ దానిని ఆచరించుట కష్టము. పంతులుగారి జీవితము మనకు స్మరణీయమగుట ఈ కారణము చేతనే.

వారు 1867 మే 1వ తేదీన కృష్ణా మండలములోని పెసరమిల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. బందరులో చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. ఆ కాలమున పట్టభద్రునకు సర్కారు కొలువు సులభసాధ్యము. వారు ఆ దారి త్రొక్కక వర్తకమును ఆశ్రయించిరి. కలకత్తాలో మందుల వ్యాపారమున అనుభవము గడించి, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనమును నెలకొల్పిరి. కొత్త మందును కొనుగోలుదారు నమ్ముట ఎట్లు? సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచిపెట్టిరి. గుణము తెలిసినవారు తామే వెదకి కొనసాగిరి. క్రమముగా దేశమంతట అమృతాంజనము లేని ఇల్లు అరుదయ్యెను.

సిరి వచ్చిన పిదప మనిషి బుద్ధి తెలియును. 1907లో సూరతు కాంగ్రెసు మహాసభకు వెళ్లినప్పుడు, తెలుగువారి వాణిని వినిపించుటకు తగిన పత్రిక లేని లోటు పంతులుగారికి స్పష్టముగా గోచరించెను. మరుసటి సంవత్సరమే, 1908లో, బొంబాయి నుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో దానిని మదరాసునకు తరలించి దినపత్రికగా మార్చిరి. 1924లో సాహిత్యమునకు, చరిత్ర పరిశోధనకు భారతి మాసపత్రికను, 1926లో ప్రాచీన గ్రంథముల ముద్రణకు ఆంధ్రగ్రంథమాలను స్థాపించిరి. కొమర్రాజు లక్ష్మణరావుగారి మరణముతో నిలిచిపోయిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తిరిగి చేపట్టి నడిపించినవారును వారే. అంజనము ఆర్జించినదానిని ఈ సాహిత్యసేవ స్వీకరించెను. ఇది దాసోహము కాక మరేమి?

ఈ గ్రంథమాలలోనే 1926లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన బసవ పురాణము, వారి విపులమైన పీఠికతో వెలువడినది. ద్విపదను తక్కువగా చూచిన పండితులు అనేకులున్న కాలమది. చాకలివారు, కుమ్మరులు, అంబిగులు మొదలగు కాయకజీవులైన శరణుల కథలకు మహాకావ్య గౌరవమిచ్చి అచ్చువేయుట సామాన్యమైన సాహసము కాదు. ఇట్టి పుస్తకము లాభము తేదని వర్తకులైన పంతులుగారికి తెలియకపోదు.

పండితారాధ్య చరిత్రమును పరిష్కరించినవారు చిలుకూరి నారాయణరావుగారు. నిజాము ఆంగ్లేయులకు ధారపోసినందున దత్తమండలములని పిలువబడుచుండిన మన ప్రాంతమునకు, 1928లో నంద్యాల సభలో రాయలసీమయన్న గౌరవనామమును ప్రతిపాదించినవారు వీరే. సీమకు పేరు పెట్టిన చేతులే శ్రీశైల వైభవమును చాటు గ్రంథమును పరిష్కరించినవి. అది వెలువడిన 1939 నాటికి పంతులుగారు లేరు. వారు నాటిన చెట్టు మాత్రము ఫలించుచునే యుండెను.

పంతులుగారి భక్తి ఆర్భాటము లేనిది. ఉప్పు సత్యాగ్రహ కాలమున కారాగారమునకు వెళ్లినప్పుడు, ఆ ఏకాంతమున భగవద్గీతకు వ్యాఖ్య రచించిరి. ఫలాపేక్ష లేని కర్మను గూర్చి వ్రాయుటకు వారికి అధికారము కలదు. గ్రంథాలయములకు, విద్యార్థులకు, దేశసేవకులకు వారి ద్వారము ఎల్లవేళల తెరచియుండెడిది. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో వారిని సత్కరించెను.

రాయలసీమవారు పంతులుగారిని స్మరింపవలసిన హేతువు మరియొకటి కలదు. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కావలెనని కోస్తావారు కోరుచుండగా, సీమవారు సందేహించిరి. క్షామములతో కుమిలిన మెట్టప్రాంతము, డెల్టా సంపన్నుల చేతిలో నలిగిపోవునేమోయని వారి భయము. విశ్వకళాపరిషత్తు వాల్తేరున స్థిరపడుటతో ఆ అనుమానము బలపడినది. తుదకు ఇరుపక్షముల పెద్దలు మదరాసులో కూడిన చోటు పంతులుగారి గృహమే. దాని పేరు శ్రీబాగ్. కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు, పప్పూరు రామాచార్యులుగారు సీమ పక్షమున, భోగరాజు పట్టాభిసీతారామయ్య, కొండా వెంకటప్పయ్యగార్లు కోస్తా పక్షమున ఉండిరి. 1937 నవంబరు 16న ఒడంబడిక కుదిరెను. తుంగభద్ర, కృష్ణ, పెన్న జలముల వినియోగమున సీమకు ప్రథమ స్థానము. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము. రాజధాని, ఉన్నత న్యాయస్థానములలో ఏది కావలెనో ఎన్నుకొను హక్కు సీమకు. ఇవి దాని ముఖ్యాంశములు.

కలహించు సోదరులను తన ఇంటికి పిలిచి, ఆసనమిచ్చి, ఆతిథ్యమిచ్చి, ఒకరి మాట మరొకరు వినునట్లు చేయుట సైతము దాసోహమే. ఆ ఒడంబడిక ఫలితముగనే 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయ్యెను. 1956లో ఆ భాగ్యము తొలగిపోయెను. నీటి మాట మాత్రము పూర్తిగా తీరలేదు. నేటికిని సీమలో చెరువులు ఎండినప్పుడెల్ల శ్రీబాగ్ పేరు వినబడుచునే యుండును. ఆతిథేయుడు తన ధర్మమును నెరవేర్చెను; మాట ఇచ్చినవారి ఋణము మిగిలియే యున్నది.

ఆ సమావేశము జరిగిన అయిదు నెలలు నిండకమునుపే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు శివైక్యము నొందిరి. వారి అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికల బాధ్యతను వహించిరి. శివలెంక యను ఆ ఇంటిపేరు వినగానే పండితత్రయములోని శివలెంక మంచన పండితుడు మనకు స్ఫురించుట సహజము. మదరాసు మైలాపూరులోని నాగేశ్వరరావు ఉద్యానము నేటికిని వారి పేరు నిలుపుచున్నది.

మన కుటుంబములలో వర్తకులు, రైతులు, ఉద్యోగులు అనేకులు కలరు. మఠములకు కానుక లిచ్చుటతోనే దాసోహము పూర్తియైనదని భావింపరాదు. ఒక గ్రంథమును కాపాడుట, ఒక బాలుని చదివించుట, విడిపోయిన ఇద్దరిని ఒక పంక్తిని కూర్చుండబెట్టుట, ఇవన్నియు జంగమసేవయే. ఇంటిలో బసవ పురాణమును తెరచునప్పుడు, ఆ పుటల వెనుక నిలిచిన వర్తకుని ఒక్క క్షణము తలచుకొందుముగాక.