బుర్రకథ నాజర్ గారి జీవిత చరిత్ర



ఈ నెల గోడపత్రికలో మహనీయుల జీవితాలు అనే శీర్షిక నా వంతుకి వచ్చింది. గాంధీగారు, అంబేద్కర్ గారు, వీరేశలింగం పంతులుగారు అయిపోయారు. అందుకని నేను ఒక పాటగాడి గురించి రాస్తున్నాను. ఆయన పేరు షేక్ నాజర్. ఆయన్ని బుర్రకథ పితామహుడు అంటారు. మనలో చాలామందికి ఆయన పేరు తెలీదు. కానీ ఆయన ఊరూరా పాడిన కథల్లో ఒకటి మన కొండల కథ. అది తర్వాత చెప్తాను. ముందు పుట్టుక రాయాలి కదా.

షేక్ నాజర్ గారు 1920వ సంవత్సరం ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామంలో జన్మించారు. అది తాడికొండ దగ్గర ఉంది. తండ్రి పేరు మస్తాన్, తల్లి పేరు బీనాబీ. వాళ్ళది దూదేకుల కుటుంబం. దూదేకుల వాళ్ళంటే పత్తిని ఏకి పరుపులు, దిండ్లు చేసేవాళ్ళు. మతానికి ముస్లింలే గాని ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాళ్ళనే పింజారి వాళ్ళు అని కూడా అంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పింజారి అనేది పని చేసుకు బతికే ఒక కులం పేరు. కానీ బయట అది తిట్టు. ఎవరిమీదైనా కోపం వస్తే ఆ మాట వాడతారు. మన సంతలో కూడా నేను విన్నాను. మన పేర్లకీ ఇదే జరిగింది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు బస్సులో ఒకామె కొడుకు అరిటిపండు తిని చొక్కాకి చెయ్యి తుడుచుకున్నాడు. కోయోడిలాగా ఆ పనేంటని ఆమె వాణ్ణి కసిరింది. నేను పక్క సీట్లోనే ఉన్నాను. నేనెవరో ఆమెకి తెలీదు. నేను కిటికీ వైపు తిరిగి కూచున్నాను. నాజర్ గారి గురించి చదివినప్పుడు మొదట నాకు ఆ బస్సే గుర్తొచ్చింది.

నాజర్ గారి ఇంట్లో డబ్బు లేదు. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళు. కానీ పిల్లాడికి గొంతు ఉంది. ఒకసారి విన్న పాట వదిలేవాడు కాదు. చిన్నప్పుడే నాటకాల్లో వేషాలు వేశారు. ఆ గొంతు చూసి తెలిసినవాళ్ళు ఆయన్ని నరసరావుపేటలో మురుగుళ్ళ సీతారామయ్య గారి దగ్గర సంగీతానికి పెట్టారు. ఇల్లు వదిలి, ఊరు వదిలి, పరాయి చోట అన్నం తింటూ నేర్చుకోవడం ఎలా ఉంటదో మన హాస్టల్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మనకి గంట కొడితే కంచంలో అన్నం పడుద్ది. ఆయనకి గంట కూడా లేదు. తర్వాత బతుకుదెరువు కోసం దర్జీ పని నేర్చుకుని బట్టలు కుట్టారు. పెద్ద చదువులు చదవలేదు. అయినా పెద్దయ్యాక కథలు తనే రాసుకున్నారు. పల్నాటి యుద్ధం బుర్రకథ ఆయన రాసిందే.

ఇప్పుడు బుర్రకథ అంటే ఏంటో చెప్తాను. ఇందులో ముగ్గురే ఉంటారు. మధ్యలో కథకుడు. ఆయన భుజం మీద తంబుర. తంబురకి కింద గుండ్రంగా బుర్ర ఉంటది, అందుకే బుర్రకథ అని పేరు. రెండో చేతి వేళ్ళకి అందెలు అనే లోహపు ఉంగరాలు పెట్టుకుని ఒకదానికొకటి కొడుతూ తాళం వేస్తాడు. కాళ్ళకి గజ్జెలు, తలకి పాగా, పొడుగు అంగీ. అటొకరు ఇటొకరు వంతలు నిలబడతారు. వాళ్ళ దగ్గర డక్కీలు ఉంటాయి. కథకుడు ఒక ముక్క పాడగానే వంతలు తందాన తాన అని అందుకుంటారు. ఒక వంత హాస్యం చెప్పి నవ్విస్తాడు. ఇంకో వంత రాజకీయం చెప్తాడు, అంటే కథ మధ్యలో ఆపి ఈ రోజు మన ఊళ్ళో జరిగే అన్యాయం గురించి మాట్లాడతాడు. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది. కథ రాజుల కాలంలో నడుస్తుంటది, మధ్యలో రేషన్ బియ్యం సంగతి వచ్చేస్తది!

నేను ఇది మొదటిసారి చూసింది మాదాపూర్లో. నమ్మరు గాని నిజం. మొన్న దసరా సెలవులకి మా అన్న దగ్గరికి హైదరాబాదు వెళ్ళాను. అన్న మాదాపూర్లో ఒక ఆఫీసుకి రాత్రిపూట సెక్యూరిటీగా ఉన్నాడు. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక అక్కడంతా అద్దాల మేడలు లేచాయంట. వాటి మధ్యలోనే శిల్పారామం ఉంది. అందులో పల్లెటూరి గుడిసెలు కట్టి పెట్టారు, మట్టి గోడలు, ముగ్గులు, రోకలి, చేట అన్నీ ఉన్నాయి. మన ఇళ్ళలాంటివే. టికెట్టు కొని చూడాలి! నేను, అన్న నవ్వుకున్నాం. ఆ సాయంత్రం అక్కడ స్టేజి మీద ముగ్గురు బుర్రకథ చెప్పారు. జనం ఎక్కువ లేరు, ఉన్నవాళ్ళలో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ ముగ్గురు మాత్రం వెయ్యిమంది ఉన్నట్టే పాడారు.

తిరిగి వస్తుంటే రోడ్డు పక్కన ఒక పెద్ద హోటల్లో అద్దాల వెనకాల ఒక బ్యాండు వాయిస్తోంది. ఒకడు మధ్యలో నిలబడి పాడుతున్నాడు, ఒకడు గిటారు, ఒకడు డ్రమ్ములు. లోపలికి మనల్ని రానివ్వరు కాబట్టి బయట నించే చూశాం. పాట ఇంగ్లీషుది. నాకు వెంటనే అనిపించింది, ఇది కూడా ముగ్గురి ఆటే కదా అని. మన ఇంగ్లీషు సార్ ఒకసారి బీటిల్స్ అనే నలుగురి గురించి చెప్పారు. ఇంగ్లండులో లివర్‌పూల్ కుర్రాళ్ళు, 1960లో ఆ పేరు పెట్టుకున్నారు, ప్రపంచమంతా వాళ్ళ వెనకాల పరిగెత్తింది, 1970లో విడిపోయారు. అంతకు ముందే మన గుంటూరు జిల్లాలో నాజర్ గారి దళం తిరిగింది. బ్యాండుకి దళం అని తెలుగు మాట అనుకోండి. వంతలు పురుషోత్తం గారు, రామకోటి గారు. వాళ్ళకి కరెంటు గిటారు లేదు, చీకట్లో పెట్రోమాక్స్ లైటు ఉంటే చాలు.

ఇప్పుడు మళ్ళీ కథలోకి వస్తాను. 1943లో బొంబాయిలో ఇప్టా అనే నాటక సంఘం పుట్టింది. అదే సంవత్సరం మన తెలుగు వాళ్ళు ప్రజానాట్యమండలి పెట్టుకున్నారు. డాక్టర్ గరికపాటి రాజారావు గారు దానికి పెద్ద. వాళ్ళు కమ్యూనిస్టులు. జనానికి ఉపన్యాసం చెప్తే నిద్రపోతారు, అదే పాటగా చెప్తే తెల్లారేదాకా కూచుంటారు అని వాళ్ళకి తెలుసు. అప్పటిదాకా జంగాలు చెప్పుకునే కథను తీసుకుని కొత్త సంగతులు నింపారు. నాజర్ గారు అందులో చేరారు. దర్జీ కత్తెర పక్కన పెట్టి తంబుర పట్టుకున్నారు.

ఆ ఏడే బెంగాల్లో ఘోరమైన కరువు వచ్చింది. లక్షల మంది ఆకలితో చనిపోయారు. నాజర్ గారి దళం బెంగాల్ కరువు మీద బుర్రకథ చెప్పింది. నేను ఆలోచించాను. గుంటూరు జిల్లా రైతుకి బెంగాల్ ఎక్కడుందో తెలీదు, ఫోటో లేదు, టీవీ లేదు. ముగ్గురు మనుషులు నిలబడి చెప్తే ఎక్కడో ఉన్న తల్లి ఆకలి ఇక్కడివాళ్ళకి కళ్ళముందు కనపడాలి. అది చిన్న పని కాదు. హాస్యం చెప్పే వంత కరువు కథలో జనాన్ని ఎలా నవ్వించాడో నాకు తెలుసుకోవాలని ఉంది. నవ్వించకపోతే జనం అంత ఏడుపు మొయ్యలేరేమో.

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, ఇలా చాలా కథలు చెప్పారు. ఈ కథలంటే ప్రభుత్వాలకి భయం. తెల్లవాళ్ళ కాలంలోనూ ఆపారు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆపారు. 1948 తర్వాత కమ్యూనిస్టుల మీద నిర్బంధం ఎక్కువయ్యింది, ప్రజానాట్యమండలి చెల్లాచెదురయ్యింది. చాలామంది మద్రాసు వెళ్ళి సినిమాల్లో చేరిపోయారు. నాజర్ గారు సినిమాకీ పాడారు గాని తంబుర మాత్రం దించలేదు.

ఇప్పుడు మన కథ. 1954లో అగ్గిరాముడు అనే సినిమా వచ్చింది. ఎన్.టి. రామారావు గారు, భానుమతి గారు ఉన్నారు. అందులో నాజర్ గారి దళం అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పింది. అన్న ఫోన్లో నేను మూడుసార్లు చూశాను. నలుపు తెలుపు బొమ్మ. కెమెరా కోసం ఆయన మెల్లగా ఏం చెయ్యలేదు, పల్లెటూరి తిరునాళ్ళలో ఎలా ఊగుతారో అలాగే ఊగారు. గొంతు ఒకసారి ఉరుములాగా ఉంటది, మరుక్షణం గుసగుసలాగా అయిపోతది. మా అన్న రాత్రి డ్యూటీ చేసి నిద్రకళ్ళతో ఉన్నవాడు కూడా లేచి కూచున్నాడు.

మీకు తెలిసిందే అయినా రాస్తాను. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన వాళ్ళని పోడు చెయ్యనివ్వలేదు, కట్టెపుల్ల ముట్టుకోనివ్వలేదు. రోడ్డు పనులకి లాక్కుపోయి సరిగ్గా కూలి ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న రాజుగారు, మన వాళ్ళు కలిసి చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు తీసుకున్నారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మా ఊరు రాజవొమ్మంగి అవతల కొండ మీద. మా అవ్వ వాళ్ళ తాత ఆ మనుషులకి రాత్రిపూట గంజి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. 1924 మే 7న రాజుగారిని కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. గాం గంటందొర గారు కూడా ఆ ఏడే చనిపోయారు. ఆయన తమ్ముడు మల్లుదొర గారిని అండమాను జైలుకి పంపారు. ఆయన బతికి తిరిగొచ్చి 1952లో విశాఖపట్నం నించి లోక్‌సభకి గెలిచారు. ఇది నేను చెప్తే మా క్లాసులో ఎవరూ నమ్మలేదు, సోషల్ సార్ అవునన్నాక నమ్మారు.

మా అవ్వకి చదువు రాదు. ఆమె దగ్గర ఈ కథ మా కోయ మాటలో ఉంది, అందులో రాజుగారి కంటే గంటందొర ఎక్కువసేపు ఉంటాడు. కింద ఊళ్ళవాళ్ళ దగ్గర అది తెలుగు పాటలో ఉంది. మైదానంలో మన కొండ ఎక్కనివాళ్ళు కూడా ఈ పోరాటం గురించి విన్నారంటే నాజర్ గారి లాంటి వాళ్ళ గొంతు వల్లనే. పత్తి ఏకే ఇంటి పిల్లాడు కొండల కథ ఎందుకు మోశాడు అని నేను మా తెలుగు మేడం గారిని అడిగాను. ఆమె నన్నే ఆలోచించుకోమన్నారు. నేను అనుకునేది ఏంటంటే, తక్కువగా చూడబడ్డవాడికి ఇంకొకడి అవమానం అర్థం చెప్పక్కర్లేదు.

1986లో భారత ప్రభుత్వం ఆయనకి పద్మశ్రీ ఇచ్చింది. అప్పటికి ఆయనకి 66 ఏళ్ళు. ఒకప్పుడు ఆ కథలనే ఆపారు, తర్వాత పతకం పెట్టారు. ఆయన చాలామంది శిష్యుల్ని తయారు చేశారు. ఆడవాళ్ళూ దళాలు కట్టి కథ చెప్పారు. తన జీవితం గురించి ఆయన చెప్తుంటే అంగడాల వెంకటరమణమూర్తి గారు పుస్తకంగా రాశారు. ఆ పుస్తకం పేరు పింజారి. అవును, ఆ మాటే. కళాకారుడు అనో, పద్మశ్రీ అనో పెట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. కానీ అట్ట మీద పెద్ద అక్షరాలతో ఆ తిట్టే ఉంది. ఇక దాన్ని తిట్టుగా వాడేవాడు ఒక పుస్తకం పేరు పలుకుతున్నట్టే. ఇది చదివాక ఆ బస్సులో నేను కిటికీ వైపు కాకుండా ఎటు తిరిగి ఉండాల్సిందో ఆలోచిస్తున్నాను. ఇంకా తేలలేదు.

నాజర్ గారు 1997 ఫిబ్రవరి 22న మరణించారు. ఆయనకి 77 ఏళ్ళు నిండాయి. అప్పటికి సైబర్ టవర్స్ ఇంకా మొదలు కాలేదు.

వార్డెన్ మేడం గారికి మనవి. వచ్చే నెల బాలసభలో పదో తరగతి అక్కలు సినిమా డ్యాన్సు పెట్టారు, దాంతో పాటు మాకు పావుగంట ఇప్పించగలరు. తంబుర లేదు, మా ఊరి సొరబుర్ర ఎండబెట్టి తెచ్చాను, తీగ కట్టాలి. డక్కీలకి బదులు వంటమనిషి అక్క రెండు పాత స్టీలు బిందెలు ఇస్తానన్నది. కథ మా అవ్వ చెప్పిన గంటందొర కథ, సగం తెలుగులో సగం కోయలో. కథకురాలు నేను. హాస్యానికి ఎనిమిదో తరగతిలో ఒక చెల్లి ఒప్పుకుంది, ఆమె మాట్లాడకపోయినా నవ్వొస్తది. రాజకీయం చెప్పే వంత మాత్రం ఇంకా దొరకలేదు. నీళ్ళ ట్యాంకు గురించి, బాత్రూం తలుపుల గురించి వార్డెన్ మేడం గారి ఎదురుగా చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళు ఆదివారం లోపు బి-బ్లాకు మూడో గదిలో పేరు ఇవ్వండి.