రాబర్టు బ్రూస్ ఫూట్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెముల నడుమ హుజూర్‌నగరపు సీమయందు సున్నపురాతి గనులును, సిమెంటు కర్మాగారములును మెండు. ఈ రాతినేల కృష్ణను దాటి పలనాటిలోనికి వ్యాపించియున్నది. భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని నంద్యాల జిల్లాయందలి బేతంచెర్ల గుహల రాతికి జ్ఞాతిగా నెంచుదురు. ఆ గుహలలో మన పూర్వుల జాడలు వెదకిన ఫూట్ దొర చరిత్రమును పాఠకులకు నివేదించుచున్నాము.

ఆయన 1834లో ఇంగ్లండునందలి చెల్టన్‌హామున జన్మించి, 1858లో భారత భూగర్భ పరిశోధనశాఖయందు ఉద్యోగియయ్యెను. 1863 మే 30న చెన్నపట్టణము చెంతనున్న పల్లావరములో, ఒక కంకరగోతియందు నరుడు చెక్కిన రాతిగొడ్డలి యాయన కంటబడెను. అంతవరకు వేదకాలమునకు వెనుక చూడనొల్లని మన చరిత్రకారులకు ఆ యొక్క రాయి చాల దూరము చూపినది. రాతిపొరలను పరీక్షించుట ఆయన కొలువు. పనిముట్ల నేరుట ఆయన వ్యసనము.

బిల్లసర్గము గుహలను 1844లోనే న్యూబోల్డు ప్రకటించినను, నలువదియేండ్లు వానిని తలచినవారు లేరు. హక్స్లీ పండితుని ప్రేరణచే మదరాసు గవర్నరు గ్రాంటు డఫ్ ఆ పనిని ఫూట్ దొరకు ఒప్పగింపగా, తండ్రి మొదలిడిన త్రవ్వకమును సైనికోద్యోగియగు కుమారుడు హెన్రీ కొనసాగించెను. ఖడ్గమృగము మొదలుగా నిప్పుడా సీమను లేని జంతువుల యెముకలును, నరులు చెక్కినవని తోచిన యెముక పనిముట్లును లభించెను. ఆ పనిముట్లు తరువాత గల్లంతయ్యెను! వస్తువే లేనప్పుడు పండితులు శంకించుట వింతకాదు. 1970వ దశకమున ఎం. ఎల్. కె. మూర్తిగారు బేతంచెర్ల చెంతనే ముచ్చట్ల చింతమాను గవిలో దొరకిన యెముక పనిముట్లను ప్రకటించిన పిమ్మటగాని ఫూట్ల మాట నిలువలేదు.

బళ్లారి ప్రాంతపు బూడిదదిబ్బలను జనులు రాక్షసుల చితులనుకొనెడివారు. అవి నవీనశిలాయుగపు పశుపాలకుల మందలయొద్ద కాలిన పేడయని ఫూట్ దొర నిశ్చయించెను. ఇదియు వివాదగ్రస్తమే యయ్యెను. 1957లో ఆల్చిన్ పాలమూరు సీమయందలి ఉట్నూరు దిబ్బను త్రవ్వగా, బూడిదలో పశువుల గిట్టల ముద్రలు కనబడెను. ఆ పశువుల రూపములనే నాటివారు కుప్పగల్లు కొండబండలపై మలచిరి. మూపురము, వంపుకొమ్ములు గల ఆ యెద్దులు మూడు నాలుగువేల యేండ్లు ఎండవానలకు నిలిచియు, మన కాలమున రాతిక్వారీల పాలబడినవి. హుజూర్‌నగరపు రాతిలో గవి యేదైన బయల్పడినచో, పేలుడుమందు పెట్టకమునుపే పురావస్తుశాఖవారికి తెలుపవలెనని గనుల యజమానులను కోరుచున్నాము. బేతంచెర్లలో ఒకసారి పోయినది మరల దొరకుటకు తొంబదియేండ్లు పట్టినది.

ఫూట్ దొర 1891లో ఉద్యోగము విరమించి, బరోడా, మైసూరు సంస్థానములలోను పనిచేసెను. తన సేకరణమును 1904లో మదరాసు మ్యూజియమునకు విక్రయించెను. 1912లో మరణించెను. దాని పట్టిక 1914, 1916 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడినది. అందు పనిముట్లు దొరకిన యూళ్ల పేర్లతో వివరింపబడియున్నవి.