వాకిట నిలిచినవారితో లింకన్

దేశమునేలు వాని మాటలు రెండు విధములు. సభలకై, చరిత్రకై ముందుగా సిద్ధపరచుకొనునవి కొన్ని. తన వాకిటికి వచ్చి నిలిచినవారితో ఆ క్షణమున పలుకునవి కొన్ని. మొదటివానిని పాఠ్యపుస్తకములు భద్రపరచును. రెండవవానియందు మనిషి కానవచ్చును. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ మనస్సు నడచిన దారిని తెలిసికొనవలెనన్న ఈ రెండవ విధపు మాటలనే వెదకవలెను.

లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రమున కొయ్యదుంగల గుడిసెలో జన్మించెను. ఆయన బడికి పోయిన దినములన్నియు కూడినను ఏడాదికి మించవు. ఎరువు తెచ్చుకొన్న పుస్తకములే ఆయనకు గురువులు. స్వయంకృషిచే న్యాయవాదియై, 1861 మార్చి 4న అధ్యక్షపదవి స్వీకరించెను. మరుసటి నెలలోనే అంతర్యుద్ధము ఆరంభమయ్యెను.

విజయవార్త అందిన రాత్రి జనులు బ్యాండు మేళముతో శ్వేతభవనము కిటికీల క్రింద చేరి, అధ్యక్షుని మాటలాడుమని కోరుట ఆ కాలపు వాడుక. సిద్ధపడని ప్రసంగమనిన లింకన్‌కు జంకు. 1863 జూలై 7న గెటిస్‌బర్గు, విక్స్‌బర్గు విజయములు విని వచ్చిన జనసమూహముతో, ఆ సందర్భమునకు తగిన ప్రసంగము తనయొద్ద లేదని చెప్పి ముగించెను. అయితే స్వాతంత్ర్యప్రకటన వెలువడి ఎన్నేండ్లయినదని ఆ రాత్రి ఆయన తడవుకొన్న భావము వృథా కాలేదు. అదే నవంబరు 19న గెటిస్‌బర్గు శ్మశానవాటికలో సుమారు 270 మాటల ప్రసంగముగా పండెను. ఆనాటి ముఖ్యవక్త ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు ఉపన్యసించి, మరునాడు లింకన్‌కు జాబు వ్రాయుచు, అధ్యక్షుడు రెండు నిముషములలో అందుకొన్న సారమునకు తానంత సేపటిలో చేరువయైనను చాలునని వినయముతో తెలిపెను.

గౌరవము పొందవచ్చినవారి ఇబ్బందిని లింకన్ ఎరుగును. 1864 మార్చి 9న గ్రాంటు సేనానికి లెఫ్టినెంట్ జనరల్ పదవీపత్రము నొసగవలసియుండెను. గ్రాంటు సభలకు అలవాటుపడినవాడు కాడు. అందుచే ముందటి రాత్రియే లింకన్ తాను చదువబోవు నాలుగు వాక్యములను ఆయనకిచ్చి, బదులు వ్రాసికొనుటకు వీలు కల్పించెను. మరునాడు గ్రాంటు పెన్సిలుతో వ్రాసికొన్న తన వ్రాతను తానే చదువలేక తడబడెను గాని, కార్యము చక్కగా జరిగెను.

ఆ యేడు ఆగస్టులో ఒహాయో రాష్ట్రపు రెజిమెంట్లు నూరుదినముల సేవ ముగించుకొని ఇండ్లకు మరలుచు శ్వేతభవనము వద్ద ఆగెను. 22వ తేదీన వచ్చిన 166వ రెజిమెంటు సైనికులతో లింకన్ కొద్ది నిముషములే మాటలాడెను. ఆ పెద్దభవనమున తాను తాత్కాలికముగా కాపురమున్నవాడననియు, తన తండ్రి బిడ్డ అచటికి రాగలిగినట్లే వారి బిడ్డలలో ఎవరైనను రావచ్చుననియు, అట్టి సమానావకాశమునకై పోరాటము సాగవలెననియు చెప్పెను. ఇది వట్టి మర్యాదమాట కాదు. మరునాడే ఆయన, రానున్న ఎన్నికలో తాను ఓడుట దాదాపు నిశ్చయమని ఒక కాగితముపై వ్రాసి, లోపలి విషయము చూపకయే వెనుకవైపున మంత్రులచేత సంతకములు చేయించెను. ఇల్లు తనది కాదని పలికినవాడు ఆ సంగతిని మనసార నమ్మియుండెను.

అట్లని ఆయన పలుకులన్నియు మేలైనవి కావు. 1862 ఆగస్టు 14న ఐదుగురు నల్లజాతి పెద్దలను పిలిపించి, రెండు జాతులును విడిపోవుటయే మేలనియు, మధ్య అమెరికాకు వలసపోవలెననియు హితవు చెప్పెను. యుద్ధమునకు వారి ఉనికియే మూలమన్నట్లు మాటలాడెను. దాస్యవిమోచన ప్రకటన చిత్తుప్రతిని అప్పటికే మంత్రులకు వినిపించియుండియు వారితో ఆ ఊసెత్తలేదు. పుట్టిన గడ్డను విడువుమనుట ఎట్టి న్యాయమని ఫ్రెడరిక్ డగ్లస్ వంటివారు తీవ్రముగా ఖండించిరి. ఆ ఖండనము న్యాయమైనదే.

తరువాత కాలము ఆయనకు పాఠము చెప్పెను. 1863 జనవరి 1న విమోచన ప్రకటన వెలువడెను. సుమారు 1,80,000 మంది నల్లజాతివారు సైన్యమున చేరి రక్తము ధారవోసిరి. 1864 సెప్టెంబరు 7న బాల్టిమోరు నల్లజాతి పౌరులు ఒక బైబిలు గ్రంథమును కానుకగా తెచ్చినప్పుడు, లింకన్ హితోపదేశము చేయలేదు. మనుజులెల్లరు స్వతంత్రులు కావలెనన్నదే తన చిరకాలవాంఛయని చెప్పి, కృతజ్ఞతతో స్వీకరించెను.

1865 ఏప్రిల్ 9న లీ సేనాని లొంగిపోయెను. 11వ తేదీ రాత్రి జనులు విజయోత్సాహముతో కిటికీ క్రింద చేరిరి. లింకన్ దీపపు వెలుగున కాగితములు చదువుచు ఒక్కొక్కటి జారవిడువగా చిన్నకుమారుడు టాడ్ ఏరుచుండెను. ఉత్సవపు మాటలకై వచ్చినవారికి ఆయన లూసియానా పునర్నిర్మాణమును గూర్చి చెప్పెను. నల్లజాతివారిలో విజ్ఞులకును, సైనికులుగా సేవచేసినవారికిని ఓటుహక్కు నిచ్చుట తనకిష్టమని బహిరంగముగా పలికెను. వినుచున్న గుంపులో జాన్ విల్క్స్ బూత్ ఉండెను. మూడు దినములకు అతడే తుపాకి పేల్చెను. 15వ తేదీ ఉదయమున లింకన్ కన్నుమూసెను.

బడులలో మనము గెటిస్‌బర్గు ప్రసంగమును వర్ణింతుము. 1862 నాటి మాటలను, 1865 నాటి మాటలను కూడ దాని ప్రక్కన ఉంచి విద్యార్థులకు చెప్పుట మేలు. ఆనాడు వెడలిపొమ్మన్నవారికే ఈనాడు ఓటు నిమ్మని కోరిన మనిషి ఒక్కడే. నడుమ గడచినవి మూడేండ్లు కూడ కావు.