తాళ్ళపాక అన్నమాచార్యులు : స్నేహము పేరిట సంకెల

శ్రీవేంకటేశ్వరుని 32,000 సంకీర్తనలతో అర్చించిన పదకవితా పితామహునిగా తాళ్ళపాక అన్నమాచార్యులను ఎరుగని తెలుగువారుండరు. ఆ మహనీయుని జీవితమున సాళువ నరసింహరాయలు సంకెలలు వేయించిన ఘట్టమును భజన గోష్ఠులలో మహిమ కథగా చెప్పుకొని ముందునకు సాగిపోవుట పరిపాటి. సంకెలలు ఊడిపడుట అందరికిని గుర్తుండును. ఆ సంకెలలు పడుటకు పూర్వము ఎన్నియేండ్లు ఎంత ప్రేమ కురిసినదో పెక్కుమందికి గుర్తుండదు. ఆ కథలో నిదానించి చూడవలసిన భాగము నిజమునకు అదియే.

అన్నమయ్య 1408లో రాజంపేటకు సమీపముననున్న తాళ్ళపాక గ్రామమున నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు జన్మించెను. ఆయన చరిత్రను ద్విపద కావ్యముగా రచించినవాడు మనుమడైన తాళ్ళపాక తిరువేంగళనాథుడు. ఇతనినే చిన్నన్న యందురు. ఇచ్చట చెప్పబోవు వృత్తాంతమునకు ఆధారము ఆ కావ్యమే. తాతగారిని మనుమడు భక్తితో కీర్తించిన గ్రంథము గనుక అందు మహిమలకు కొదువ లేదు. అయినను మనుష్యుల స్వభావమును చూపు విషయమున చిన్నన్న కన్ను మిక్కిలి నిశితమైనది.

బాల్యమున అన్నమయ్య తంబుర చేతబట్టి పాడుకొనుచు ఇంటి పనులను మరచుచుండెను. ఇంటివారు మందలించిరి. పసులకు గడ్డి కోసికొని రమ్మని అడవికి పంపిరి. అచ్చట కొడవలి తగిలి చిటికెన వ్రేలు తెగెను. ఆ నొప్పిలో ఆ బాలునకు ఈ బంధములన్నియు తనవి కావని తోచి, తిరుమల యాత్రకు పోవు జనముతో కలిసి వెడలిపోయెను. ఈ సంఘటనను చూపి ఇంటివారిని కఠినులని నిందించువారు కలరు. అది న్యాయము కాదు. ఉమ్మడి కుటుంబమున పసులకు మేత కావలెను, పని పంచుకొనవలెను. మందలించిన ప్రతివాడును మనలను లొంగదీయ జూచువాడు కాడు. ఇంటివారు కోరినది ఆయన శ్రమను. ఆయన అంతరంగమును కాదు. ఈ భేదము తరువాతి కథకు మిక్కిలి అవసరము.

తిరుమల కొండ నెక్కుచు మోకాళ్ళ ముడుపు వద్ద ఆకలితో సొమ్మసిల్లిన ఆ బాలునకు అలమేలుమంగమ్మ ప్రసాదము పెట్టినదనియు, పాదరక్షలతో కొండ నెక్కరాదని తెలిపినదనియు చిన్నన్న చెప్పినాడు. కొండపై ఘనవిష్ణువను యతి ఆయనకు వైష్ణవ దీక్ష నొసగెను. 16వ యేట, అనగా 1424లో, స్వామి సాక్షాత్కారము పొంది సంకీర్తనలు రచింప నారంభించినట్లు రాగిరేకులు తెలుపుచున్నవి. పిమ్మట తిమ్మక్కను, అక్కలమ్మను వివాహమాడి, అహోబలమున ఆదివన్ శఠకోప యతి సన్నిధిని వేదాంత గ్రంథములను అభ్యసించెను. సుభద్రాకల్యాణమును రచించిన తిమ్మక్క ఈమెయే.

ఈ కాలముననే సాళువ నరసింహుని పరిచయము కలిగెను. అప్పటికి అతడు చక్రవర్తి కాడు. టంగుటూరు నేలుచున్న ప్రభువు మాత్రమే. సమీప గ్రామమున పుట్టిన కవి పాటలు ఊరూర మారుమ్రోగుచుండుట విని, తానే వచ్చి ఆయనను దర్శించెను. వినయముగా నమస్కరించి, తన చెంత నుండి తన్ను నడిపింపవలసినదిగా వేడుకొనెను. గురువనెను, మిత్రుడనెను, హితుడనెను. అన్నమయ్య సమ్మతించెను.

ఆచార్యుడు రాజుల ప్రాపు నెన్నడును ఎరుగడని వ్రాయుట సులభము. కాని చిన్నన్న అట్లు వ్రాయలేదు. తన తాత ప్రభువు సత్కారములను స్వీకరించెననియు, సభలలో గౌరవమందెననియు దాపరికము లేక చెప్పినాడు. అన్నమయ్య ఆ స్నేహమును నమ్మినాడు. నమ్ముటకు కారణమును కలదు. నరసింహుడు దుష్టుడు కాడు. దైవభక్తుడు, పరాక్రమశాలి, కవులను పోషించినవాడు. తిరుమల తిరుపతులలో అతడు చేసిన కైంకర్యములను నేటికిని అచ్చటి శాసనములు చెప్పుచున్నవి. తన్ను తాను మిక్కిలిగా ప్రేమించుకొనువాడు ఎల్లవేళల రాక్షసుని వలె కన్పట్టడు. అనేకమారు అతడు ఊరిలో అందరికంటె ఉదారుడు, అందరికంటె ఆప్యాయముగా పలుకరించువాడు. అందువలననే వానిని గుర్తించుట కష్టము.

నరసింహునకు నానాటికి బలము పెరిగెను. పెనుగొండ అతనికి రాజధానియయ్యెను. తన అభ్యుదయమంతయు అన్నమయ్య ఆశీర్వచన ఫలమేనని అతడు నమ్మెను. పైకిది కృతజ్ఞతయే. లోన మరియొకటి మొలకెత్తుచుండెను. ఒకని వాక్కు తనకు విజయము నిచ్చుచున్నదని తలచినవాడు ఆ వాక్కును తన ఆయుధశాలలోని ఖడ్గము వలె లెక్కించుటకు ఎంతో కాలము పట్టదు. స్నేహితుడు సొత్తుగా మారును. ఈ మార్పు ఏ దినమున జరిగినదో సొత్తైనవానికి తెలియదు. సొత్తుగా చూచువానికిని తెలియదు.

ఒకనాడు రాజు అన్నమయ్యను కొలువునకు రావించి సంకీర్తన పాడుమని కోరెను. ఆయన అలమేలుమంగమ్మ పెదవిపై అంటిన కస్తూరిని గూర్చిన ప్రసిద్ధ శృంగార సంకీర్తనమును పాడెను. సభ పులకించెను. రాజు మరల మరల పాడించుకొని విని, మెచ్చి, సత్కరించెను. ఆ మెప్పు ముగిసిన వెనువెంటనే, అట్టి పాటనే తనపైని కూడ ఒకటి చెప్పుమని అడిగెను.

అడిగిన తీరు గమనింపదగినది. ఆజ్ఞాపింపలేదు, మెచ్చి, కానుకలిచ్చి, ఆదరము నడుమ కోరెను. కోరినది చిన్నదిగా కన్పట్టుచున్నది. వేలకొలది పాటలు చెప్పినవానికి మరియొక పాట యెంత? ఇన్నియేండ్ల స్నేహమున ఇంతమాత్రము చేయరాదా? ఏ సభికుడైనను ఇట్లే తలచి యుండును. కాని ఆ పాటలోని నాయకుడు వేంకటేశ్వరుడు. ఆ స్థానమున తన్ను నిలుపుమని రాజు అడిగెను. అడిగినది పాట కాదు, పీఠము.

రాజునకు స్తుతి కరవై ఈ కోరిక పుట్టినదని తలపరాదు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు జైమిని భారతమును ఇతనికే అంకితమిచ్చెను. రాజనాథ డిండిముడు ఇతని చరిత్రను సంస్కృతమున సాళువాభ్యుదయముగా రచించెను. స్తుతించుటకు సిద్ధముగా నున్నవారు ఇందరుండగా, స్తుతింపని ఒక్కని నోటనే స్తుతి కావలసివచ్చెను. అహంకారపు ఆకలి స్వభావమిది. పెట్టిన విస్తరిని చూడదు. పెట్టని చేతినే చూచును.

అన్నమయ్య చెవులు మూసికొని హరిని స్మరించెను. హరిని కీర్తించు నాలుకతో నరుని కీర్తింపజాలనని స్పష్టముగా తెలిపెను. రేపు చూతమని వాయిదా వేయలేదు. అనారోగ్యమను నెపము చెప్పలేదు. రాజును నొప్పింపకుండుటకై రెండర్థములు వచ్చు పాట నల్లి తప్పించుకొనలేదు. అట్టి విద్య ఆయనకు రానిది కాదు. అట్లు తప్పించుకొని యున్నచో ఆ దినము గడచియుండును. కాని మరునాడు మరల ఆ కోరికయే మరికొంత బలముతో వచ్చి యుండును.

అంతటితో రాజు ముఖము మారెను. గురువు, మిత్రుడు, హితుడు అను మూడు మాటలును ఎగిరిపోయెను. అంతవరకు చూపిన ఆదరము ఒక్క క్షణమున ఋణపత్రమయ్యెను. తన కోరికను కాదనుట తన్ను అవమానించుటయేనని రాజు తలచెను. కాదనువానికి తనదైన ధర్మమొకటి ఉండవచ్చునను ఊహయే అతనికి తట్టలేదు. నిన్నటి దాక ఎవని ఆశీస్సు వలన తనకు రాజ్యము కలిగెనని నమ్మెనో, వానినే చెరలో వేయించి, మూరురాయరగండ యను పేరుగల సంకెలను తొడిగించెను. మువ్వురు రాజులకు గండడు అను అర్థముగల ఆ మాట విజయనగర ప్రభువుల బిరుదములలో ఒకటి. రాజుల బిరుదమే కవి కాళ్ళకు ఇనుమైనది. ఇంతకంటె పొసగిన పేరు ఆ సంకెలకు వెదకినను దొరకదు.

చెరలోని అన్నమయ్య ప్రవర్తన యెట్టిది? రాజునకు విన్నపము పంపలేదు. తన పూర్వోపకారములను జ్ఞాపకము చేయలేదు. శపింపలేదు. తనవలన ఏమి అపరాధము జరిగినదోయని కుమిలిపోవనులేదు. ఇట్టివారి చేత చిక్కినవారు సాధారణముగా పడు బాధ ఈ కడపటిదే. ఇంత ప్రేమించినవాడు ఇంత కోపించెనన్న తప్పు నాయందే యుండవలెనని రాత్రింబవళ్ళు తమ్ము తామే విచారణ చేసికొందురు. అన్నమయ్య ఆ విచారణకు తావియ్యలేదు. నిన్న ఏమి చేసెనో నేడును అదియే చేసెను; పాడెను. ఆపదల యందు హరినామమే దిక్కను సంకీర్తనము నాటిదే. ఆ పాటలో మొర హరికి. రాజునుద్దేశించిన పలుకు ఒక్కటియు అందు లేదు.

సంకెల ఊడిపడెను. కావలివారు భయపడి రాజునకు తెలిపిరి. రాజు నమ్మలేదు. తానే చెరకు వచ్చి, తన యెదుట మరల తొడిగించి, ఇప్పుడు ఊడునేమో చూతమనెను. తన కన్నులతో చూచిన దానిని మాత్రమే సత్యమనువాడు చేయు పని యిది. అన్నమయ్య మరల పాడెను. సంకెల మరల ఊడెను. దీనిని ఇనుము తెగుటగా గ్రహించువారు అట్లే గ్రహింపవచ్చును. చిన్నన్న భావమున అది స్వామి మహిమయే. కాని ఇనుము ఊడుటకు పూర్వమే ఊడినది మరియొకటి కలదు. రాజు మెప్పు వలన గాని, రాజు కోపము వలన గాని ఆయన పాట మారునను ఆశ ఆ సభలోనే తెగిపోయినది.

నరసింహుడు పశ్చాత్తప్తుడై పాదములపై బడి మన్నింపుమని వేడుకొనెను. అన్నమయ్య మన్నించెను, హితము చెప్పెను. ఇచ్చట చాలమంది కథను ముగింతురు. కాని పిమ్మట జరిగినది చిన్న విషయము కాదు. మన్నించిన అన్నమయ్య పెనుగొండ కొలువున పూర్వము వలె నిలువలేదు, తిరుమలకు వచ్చివేసెను. మన్నించుట వేరు, మరల ఆ నీడనే కాపురముండుట వేరు. రాజు కన్నీరు నిజమైనదేనా యని పరీక్షించుటకు ఆయన కూర్చుండలేదు. నిజమైనదే యనుకొన్నను, తన వాక్కును సొత్తుగా ఎంచిన ఇంటిలో ఆ వాక్కునకు మరల నిద్రపట్టదు.

నరసింహుడు అనంతరము, 1485 ప్రాంతమున, విజయనగర సింహాసనమును అధిష్ఠించి సాళువ వంశమునకు మూలపురుషుడయ్యెను. 1491లో గతించెను. అన్నమయ్య కొండపై స్వామి సన్నిధిని సంకీర్తనలతోను, సంకీర్తన లక్షణమను సంస్కృత గ్రంథ రచనతోను కాలము గడపెను. పెదతిరుమలాచార్యుడు తండ్రి మార్గమును చేపట్టెను. మనుమలును ఆ బాటనే నడచిరి. 1503లో దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు, 95వ యేట, ఆయన స్వామిలో ఐక్యమయ్యెను.

తాళ్ళపాకవారు ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి ఆలయములోని సంకీర్తన భాండారమను చిన్న అరలో భద్రపరచిరి. శతాబ్దుల పాటు అందు మరుగుపడియుండి, 20వ శతాబ్దమున అవి వెలుగు చూచెను. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పెద్దల కృషితో మరల లోకమునకు దక్కెను. 32,000లో నేడు దొరకుచున్నవి సగము కంటె తక్కువే. పోయిన పాటలెట్టివో ఎవరును చెప్పలేరు. పెనుగొండ కొలువున రాజు కోరిన ఆ ఒక్క పాట మాత్రము పోయినవానిలోను లేదు, మిగిలినవానిలోను లేదు.